అన్న చుట్టిన పిడి

అన్నా,

నువ్వు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాక నేటికి ఏడాది. ఈరోజు నాయుడుపేటలో కొత్త టెన్నిస్ రాకెట్ కొన్నాను. నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పాత రాకెట్ పిడి చేతిలో జారుతోందంటే, పడవ తెడ్డుకు చుట్టినట్టే దానికీ వల అల్లే దారం బిగించి చుట్టావు. అది నీ గుప్పిటకు సరిపోయింది. నా వేళ్లు చుట్టూ అందేవి కావు. ఆడిన ప్రతిసారీ మోచెయ్యి లాగేది. నీతో మాత్రం బాగుందనే చెప్పాను.

నేను వెంట తీసుకెళ్లిన పాత రాకెట్ చూసి, షాపాయన దాన్ని నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు.

"ఇంత లావు పిడితో ఎట్టా ఆడినావమ్మా? ఎవురు చుట్టినారు?"

"మా అన్న."

"నొప్పిగా ఉందని ఆయనకి చెప్పుంటే విప్పేసుండేవాడు గదా."

షాపాయన సన్న పిడిది ఒకటి ఇచ్చి, వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి వేలు పెట్టి చూసుకోమన్నాడు. వేలు సరిగ్గా పట్టింది, పిడి నాకు సరిపోయినట్టే.

కొనబోతుంటే ఆయనే ఆపాడు. "పాత రాకెట్ బానే ఉందమ్మా, దారంతోనే తంటా. కోసేస్తే సరిపోతాది, కొత్తది దేనికి?"

కత్తెర తీయబోయాడు. వద్దన్నాను.

నీ గుప్పిట కొలత ఇంట్లో ఆ దారం చుట్లలోనే మిగిలిందన్నా.