ఒతీలియాకి లేని ఓటు

1955 మార్చి 30, బుధవారం

ఒతీలియా వచ్చింది. నాలుగు పెట్టెలు, ఒక టైప్ మిషను. నా చెల్లెలు యాభై రెండేళ్ళ మనిషి, కారు దిగుతుంటే వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. వచ్చే నెల ఏదో మంచుదేశానికి మెక్సికో రాయబారిగా వెళ్తోంది. ఆ దేశం పేరు నాకు నోరు తిరగదు.

కూకా అక్కా, నువ్వేం మారలేదే అంది. మెచ్చుకుందో, జాలిపడిందో.

ఏప్రిల్ 1, దుఃఖమాత శుక్రవారం

మూడు వారాలుగా నా మంచం కింద చీకట్లో గోధుమలు మొలకెత్తించాను. నారింజలకి బంగారు కాగితపు జెండాలు గుచ్చాను. ఇంట్లో మరియ తల్లికి పెట్టే పీఠం ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చారు. ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి, మరియ తల్లి ఏడ్చిందా అని అడిగారు. ఏడ్చింది, రండి అని నేననాలి. ఆ తల్లి కన్నీళ్ళంటూ అందరికీ నిమ్మనీళ్ళివ్వాలి. ఈసారి నేను నోరు తెరిచేలోగానే ఒతీలియా ఏదీ అన్నారు. ఒక్కరూ పీఠం వైపు చూళ్ళేదు. దానివైపు వీపులు పెట్టి, చెల్లెలి చుట్టూ మూగారు. రోమ్‌లో ఏం తిన్నావు, పారిస్‌లో ఎవరితో మాట్లాడావు.

ఎదురింటి దోన్యా చోలే గ్లాసు అందుకుంటూ, ఏమే కూకా, ఈ ఏడు ఏడ్చింది మరియ తల్లా, నువ్వా అంది. నవ్వాను. దాని కళ్ళు సూదులు.

నాకు కుళ్ళు. రాసేశాను. ఇక జపమాల.

ఏప్రిల్ 2

మొలకలకి నీళ్ళు పొయ్యలేదు. మర్చిపోయి కాదు.

ఏప్రిల్ 16, శనివారం

ఊరి థియేటర్లో ఒతీలియా రాసిన నాటకం వేశారు. ముందు వరసలో నాకు సీటు.

కథలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు. పెద్దది పెళ్ళి కాక, గుడిలో స్వరూపాలకి బట్టలు కుడుతూ ఉండిపోతుంది. మా దగ్గర పెళ్ళికాని ఆడదాన్ని అలాగే అంటారు, స్వరూపాలకి బట్టలు తొడగడానికి మిగిలిపోయిందని. నేను నిజంగానే తొడుగుతాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా. నాటకంలో ఆవిడ పునీత జోజప్ప విగ్రహానికి కొలతలు తీసుకుంటూ సిగ్గుపడుతుంది. జనం పగలబడి నవ్వారు. నవ్వి, నావైపు తిరిగారు.

నేనూ నవ్వాను. దవడలు నొప్పెట్టాయి.

ఇంటికొస్తూ ఒతీలియా అడిగింది, అక్కా, నీకు కోపం రాలేదు కదా, అది నువ్వు కాదు, అందరు అక్కలూను అని. జోజప్ప కొలతలు ఎప్పుడూ తీసుకోలేదు, పాత అంగీ చూసి కుడతాను అన్నాను. అది చిన్న పుస్తకం తీసి ఆ మాట కూడా రాసుకుంది.

ఏప్రిల్ 18

వెళ్ళిపోయింది. ఇల్లు పెద్దదైంది.

మే 9, సోమవారం

జూలైలో ఎన్నికలు. దేశం మొత్తానికి చట్టసభ సభ్యుల్ని ఎన్నుకోవడంలో ఆడవాళ్ళు ఓటెయ్యడం ఇదే మొదలు. దీనికోసం ఒతీలియా ముప్ఫై ఏళ్ళు ఊరూరా తిరిగి మాట్లాడింది. రాజ్యాంగంలో మెక్సికనులు అన్న మాటలో ఆడవాళ్ళు లేరని లాయర్లు వాదిస్తుంటే, పన్నులు కట్టేటప్పుడు మాత్రం ఉంటామా అని అడిగేదట. అది దాని గొడవ, నాకెందుకు అనుకున్నాను. ఓటర్ల లిస్టులో పేరు రాయించడానికి చోలే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

పేరు రాసుకునే గుమాస్తా, పెళ్ళయిన సెన్యోరానా, కాని సెన్యోరిటానా అన్నాడు. సెన్యోరిటా అన్నాను. వయసు యాభై ఆరు అన్నాను. వెనకనుంచి చోలే, అలాగే రాయి నాయనా, ఆశ ఇంకా చావలేదు అంది. లైనంతా నవ్వింది. రాయబారి గారి అక్క అని కూడా రాయమని ఎవరో అరిచారు. దానికి ఇక్కడ గడి లేదు అన్నాడు గుమాస్తా.

ఆ అబ్బాయిని దేవుడు చల్లగా చూడాలి.

జూన్ 12

మున్సిపాలిటీ గోడకి లిస్టు అంటించారు. బెర్లంగా, రెఫూహియో. కూకా కాదు, నా అసలు పేరు. అంతే. ఎవరి అక్కా కాదు. పూజ నుంచి వస్తూ చూశాను. కూరగాయలకని వెళ్తూ మళ్ళీ చూశాను. మూడోసారి ఏ పనీ లేకుండానే వెళ్ళాను.

లిస్టులో ఒతీలియా పేరు లేదు. పరదేశంలో ఉన్నవాళ్ళకి ఓటు లేదు. ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషికి లేదు.

సంతోషం కలిగింది. ఎంత పాపిష్టిదాన్నో.

జూన్ 24, ఉదయం

ఉత్తరం. అక్కా, నా మొదటి ఓటు నేను వెయ్యలేను, నా బదులు నువ్వు వెయ్యి అని. లాయర్ ఎస్పార్సాకి వెయ్యాలట. తనకి ఈ రాయబారి ఉద్యోగం ఇప్పించినవాడు ఆయనేనట. గుర్తు ఎలా పెట్టాలో బొమ్మ కూడా గీసింది, నాకు రాదన్నట్టు.

సాయంత్రం

సాన్ లూయిస్ టీచర్ల స్కూల్లో సీటొచ్చింది నాకు. పద్దెనిమిదేళ్ళప్పుడు. అమ్మ మంచాన పడింది. నా బదులు ఒతీలియా వెళ్ళింది. ఆ రోజు పెట్టె సర్దింది నేనే. ఇస్త్రీ చేసిన లంగాలు రెండు, చిన్న జేబు అద్దం.

మళ్ళీ బదులు అంటోంది.

అసలు ఓటుకే వెళ్ళకపోతే సరి. దానికీ లేదు, నాకూ లేదు.

జూన్ 30

పాపసంకీర్తనంలో ఫాదర్ అనక్లేతోకి చెప్పాను, చెల్లెలంటే అసూయ అని. ప్రతి ఏడూ చెప్పేదేగా అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, ఎస్పార్సాకి మాత్రం వెయ్యకమ్మా, వాడు ఈస్టర్‌కి కూడా గుడి మెట్లెక్కడు అన్నారు.

నా ఓటు ఆయనకీ కావాలన్నమాట.

జూలై 3, ఆదివారం

ఆరు గంటల పూజ అయ్యాక వెళ్ళాను. ఎండ. లైన్లో అందరూ ఆదివారం బట్టల్లో ఉన్నారు, కొందరు నల్ల ముసుగులు తియ్యలేదు. చోలే, ఎవరికే అంది. మా ఆయన చెప్పినవాడికి అని తనే చెప్పుకుంది.

పరదా వెనక నేనొక్కదాన్నే. బయట ఎవరో దగ్గారు. తొందరపడలేదు. దేవుణ్ణి కూడా ఒక్క నిమిషం అటు తిరగమన్నాను.

జూలై 6

టెలిగ్రాం. అక్కా, ఎస్పార్సాకే కదా అని.

పోస్టాఫీసుకెళ్ళి జవాబిచ్చాను. ఓటు రహస్యం, ముద్దులు, కూకా. టెలిగ్రాఫు మనిషి చదివి, మరి ఎవరికి వేశారు సెన్యోరిటా అన్నాడు.

ఇక్కడ కూడా రాయను.