చిమ్నీ ముందు మైనస్

బోధన్

అక్కకు,

నీ చెల్లెలు సుగుణ చేతులు జోడించి వందనాలు చెప్పి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఒంటికేం కాలేదు, మనసుకే కుదురు లేదు.

ఫ్యాక్టరీ నడుస్తున్నది. చెరుకు బండ్లు మా సందు దాకా బారులు తీరుతున్నాయి. చలి ఎక్కువే. పిన్ని వేడి జొన్నరొట్టె పెడితే సగం తిని లేస్తాను. ఆస్పత్రి ఆయా పనిలో పక్క గుడ్డలు మారుస్తున్నా నోట్లో సూత్రాలే. లెక్కల్లో ఇప్పటికే రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే చదువు మాని ధర్పల్లికి, ఇంటికి వచ్చేయమని బాపు కబురు పంపాడు. మెట్రిక్ లేనిదే నర్సు ట్రైనింగు లేదు. పరీక్షకు మూడు వారాలే ఉన్నాయి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తెలియదు.

పక్కింటి సలీమా ఆపా గురించి రాశాను కదా, ఉర్దూ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. రెండేళ్లుగా ఆమే నాకు పలక మీద చెబుతున్నది. మొన్న పుస్తకంలో లేని లెక్క ఒకటి ఇచ్చింది. ఫ్యాక్టరీ చిమ్నీ కొన ఒక చోటి నుంచి ముప్పై డిగ్రీల్లో కనిపిస్తే, నూరడుగులు ముందుకు నడిచాక అరవై. ఎత్తెంత?

ఎత్తు 'క' అనుకున్నాం. దూరపు చోటు నుంచి చిమ్నీకి క√3, దగ్గరి చోటు నుంచి క/√3. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే నూరు. పలక మీద ఆపా వేసిన లెక్క వరుసను నోటుబుక్కులోకి ఎక్కించి, అంతటినీ √3తో గుణించి, జవాబు పైకి చదివాను: మైనస్ యాభై √3.

ఆపా నా చెయ్యి పట్టుకొని వాకిట్లోకి తీసుకెళ్లింది. "సూడు బేటీ, గా చిమ్నీ భూమిల పాతిపెట్టిన్రా?"

పలకను, నోటుబుక్కును పక్కపక్కన పెట్టి చూస్తే అప్పుడు తప్పు పట్టుబడింది. ఆపా వరుసను కుడి నుంచి మొదలుపెడుతుంది, ఉర్దూ రాసినట్టే. నేను ఎడమ నుంచి చదువుకొని చేస్తాను. కూడికలకు ఏమీ కాదు, తీసివేతలన్నీ తలకిందులే. నా నోటుబుక్కును ఆమె మళ్లీ కుడి నుంచే చూసి "సహీ" అనేది!

ఆపా మంచం మీద కూలబడింది. "అయితే రెండేండ్ల సంది నిన్ను నేనే ఫెయిల్ జేసిన్నా?"

నాకు ఏడుపొచ్చింది అక్కా. ఇన్నాళ్లూ పుస్తకం వెనక జవాబు చూసి, నాకు వచ్చిన మైనస్‌ను చెరిపేసింది నేనే. పరీక్షలో వెనక జవాబులుండవు కదా. ఒక్కసారి అడిగి ఉంటే! ఆ మాటే చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

నిన్న పోయేసరికి ఆపా ఒక్కతే పలక ముందు కూర్చొని ఉంది. బలపాన్ని ఎడమ అంచున ఆనించి, మెల్లగా, వంకరటింకరగా వరుస వేస్తున్నది. సగానికి వచ్చాక చెయ్యి దానంతట అదే వెనక్కి మళ్లుతున్నది. చెరిపి మళ్లీ వేస్తున్నది.

"ఆగు బేటీ," అన్నది, "నాకింకా అలవాటు గాలే."

బాపుతో చెప్పు, పరీక్ష అయ్యేదాకా కబురు పంపొద్దని. నా పాత జామెట్రీ డబ్బా వచ్చేపోయే వాళ్లతో పంపు. అవ్వకు, బాపుకు, బావకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నా పేరు తలుచుకోండి, ఆపా పేరు కూడా.

నీ చెల్లెలు
సుగుణ