అత్తకు మిగిలిన పాట

ఉప్పాడ, 1999, కార్తీకం. మంగళవారం రాత్రి.

పక్షవాతంతో అత్తకు మాట పడిపోయింది. “మాట పోయినా పాట మెదడులో వేరేచోట ఉంటుందండి, పాడించి చూడండి,” అన్నారు డాక్టరుగారు. సాయంత్రం పక్కన కూర్చుని జోలపాట ఎత్తుకున్నాను. అత్త గొంతు కలిపింది! సంతోషంతో ఏడ్చేశాను.

అంతలో రాగం మారిపోయింది. సముద్రంలో పోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తూ ఒడ్డున ఏడ్చే శోకం అది. ఇంట్లో పాడకూడదు. మామ పోయినప్పుడు పాడిందే కదా, ఆయన పేరే వస్తుందనుకున్నాను.

వచ్చింది నా మొగుడి పేరు.

“ఆపెయ్యత్తా, నీకు దణ్ణం పెడతాను,” అని నోరు మూశాను. నా అరచేతి కింద పెదవులు ఆగలేదు.

గోడ అవతల ఇంకా పాడుతోంది. కొడుకు పేరు పలకడానికి ఆమెకు ఇంకో దారి లేదేమోనని సర్దిచెప్పుకుంటున్నాను.

ఆయన పడవ నిన్ననే రావాలి.