హిందీ గడిలో ఎర్ర సున్నాలు

3 మే 1993, సోమవారం. ఉదయం 5.10

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చింది. జనవరి నుంచి ఇందులో ఒక్క అక్షరం రాయలేదు. ఇవాళ రాస్తున్నానంటే నాకు పెద్ద పనే పడిందన్నమాట.

మావారు రాజారత్నం టీచరు. ఏడాది కిందట బడి మాన్పించి మండల విద్యాధికారి ఆఫీసులో రాతపనికి వేశారు. రోజూ తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో వెళ్లి వస్తారు. ఏడో తరగతి కామన్ పరీక్షల మార్కుల జాబితాలు వచ్చాయి. పద్దెనిమిది స్కూళ్లు. ఏ సబ్జెక్టులో ఎంతమంది పాసు, ఎంతమంది ఫెయిలు, ఎందుకు ఫెయిలు, వచ్చే ఏడాది ఏం చెయ్యాలి, ఇవన్నీ పట్టిక వేసి ఇరవయ్యో తారీకుకు గుంటూరు పంపాలి.

పట్టిక బాగుంటే అధికారి పూర్ణచంద్రరావుగారు ఈయన్ని ఆఫీసులోనే ఉంచుతారట. లేకపోతే జూన్‌లో రేపల్లె అవతల లంకలో స్కూలు. పడవ మీద దాటాలి. అక్కడ అద్దెకు ఇల్లు దొరకదు. ఆయన స్కూలు వరండాలో, నేను బాపట్లలో అమ్మ దగ్గర. మా పెళ్లయి పద్నాలుగు నెలలు.

ఆఫీసు పనితోనే సరిపోతోంది, ఇదెప్పుడు చెయ్యనని నిన్న ఆయన తలపట్టుకున్నారు. తలుపు వెనక నుంచి, "నేను చేస్తానండి" అన్నాను. ఎవరన్నారా అని ఆయన వీధి వైపు చూశారు!

నా నియమాలు:
తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి.
రోజుకు రెండు స్కూళ్లు. తొమ్మిది రోజుల్లో అయిపోవాలి.
పని అయ్యేదాకా రేడియో లేదు. ఇల్లుగలావిడ సీతారావమ్మగారి అరుగు లేదు.
ఎవరికీ చెప్పకూడదు. అయిదో తరగతితో ఆపేసినదానికి ఈ పని ఏంటని నవ్వుతారు.

ఆయన రెండు ముక్కల్లో చెప్పారు. "ముప్పై అయిదు వస్తే పాసు. తక్కువైతే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టు. సున్నాలు లెక్కపెట్టి పట్టికలో వెయ్యి." ఇంతేనా! దీనికి తల ఎందుకు పట్టుకున్నారో.

రాత్రి 8.00
రెండు స్కూళ్లు అయ్యాయి. గీతలు ఎంత తిన్నగా వచ్చాయో! ఆయన చూసి, "మా హెడ్ క్లర్కు కూడా ఇట్టా గీయలేడు" అన్నారు. నేను గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను.

4 మే, మంగళవారం
రెండు స్కూళ్లు. మొత్తం నాలుగు. ఇదే ఊపులో పోతే పదకొండో తారీకుకే అయిపోతుంది. మిగిలిన రోజుల్లో ఏం చెయ్యాలో తోచడం లేదు.

5 మే, బుధవారం
సీతారావమ్మగారికి జంపని నుంచి రెండు వందల కాయలు వచ్చాయి. ఆవకాయ కాయలు! "అమ్మాయ్, ఒక్క గంట వచ్చి ముక్క కొట్టిపో" అన్నారు. ఇల్లుగలావిడ. కాదనలేను కదా. ఆ గంట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగింది. స్కూళ్లు: సున్నా.

6 మే
ముక్కలు తుడవాలి. స్కూళ్లు: సున్నా.

7 మే
ఆవాలు ఎండబెట్టాను. ఎండలో పక్కన కూర్చుని చెయ్యొచ్చని జాబితాలు తీసుకెళ్లాను. గాలికి ఒకటి ఎగిరి నూనెగిన్నెలో పడింది. నలభై ఒక్కమంది పిల్లలు నువ్వులనూనెలో! ఒత్తి, ఆరబెట్టి, బియ్యప్పిండి చల్లాను. మార్కులు కనిపిస్తున్నాయి. వాసన కూడా వస్తోంది.

10 మే, సోమవారం
శనివారం తలంటు. ఆదివారం గుడిలో ఆరాధన. ఆదివారం పని చెయ్యకూడదని దేవుడే చెప్పాడు, నేనేం చేసేది? ఇవాళ మాత్రం గట్టిగా అనుకుని నాలుగున్నరకు లేచాను. మంచం మీదే కూర్చుని కాసేపు ప్రార్థన చేశాను. కళ్లు తెరిచేసరికి పాలవాడు తలుపు కొడుతున్నాడు.

"ఎందాకా వచ్చింది?" అని అడిగారాయన.
"వస్తోందండి."
నిజమే కదా. వస్తోంది. ఇంకా రాలేదంతే.

13 మే, గురువారం
బాపట్ల నుంచి పిన్ని, ముగ్గురు పిల్లలు. వేసవి సెలవులు. పెద్దవాడు నా ఎర్ర పెన్సిలుతో గోడ మీద రైలు వేశాడు. రైలు బాగుంది. పెన్సిలు సగమైంది.

16 మే, ఆదివారం
పిన్నీవాళ్లు వెళ్లారు. స్కూళ్లు ఇప్పటికీ నాలుగే. పద్నాలుగు మిగిలాయి, నాలుగు రోజులున్నాయి. ఇవాళ ఆదివారం.
ఈ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆదివారమే.

18 మే, మంగళవారం
దారి దొరికింది! ఇన్నాళ్లూ ఒక్కో సబ్జెక్టు పేరు చూసి, అంకె చూసి, ఆలోచించి చుట్టాను. ఎంత తెలివితక్కువ! పేర్లతో పనేంటి? ముప్పై అయిదు కంటే తక్కువ కనిపిస్తే చుట్టెయ్యడమే. మామిడికాయ ముక్కలు కొట్టినట్టు చకచకా సాగింది. ఒక్కరోజులో తొమ్మిది స్కూళ్లు!

19 మే, బుధవారం
అయిపోయింది! పద్దెనిమిదీ!
చివరి గడిలో ప్రతి స్కూలుకూ "తీసుకోవలసిన చర్య" రాయాలట. ఆలోచించే తీరిక ఎక్కడిది? "ఇంకా శ్రద్ధ పెట్టవలెను" అని రాశాను. పద్దెనిమిది చోట్లా అదే మందు. "వలెను" అన్నది నా సొంతం. పెద్దాఫీసుకు వెళ్లే కాగితం కదా.

హిందీ గడి మాత్రం ఎర్రగా నిప్పులకుంపటిలా ఉంది. పాపం పిల్లలు. పరాయి భాష కదా అనుకున్నాను.

20 మే, గురువారం
పూర్ణచంద్రరావుగారు పట్టిక చూసి, "రాజారత్నం, నువ్వు ఇక్కడే ఉండవయ్యా" అన్నారట! ఆయన గంగానమ్మపేట నుంచి జాంగ్రీ తెచ్చారు. నాలుగు తిన్నాను. రెండు ఆయన వంతువి.

24 మే, సోమవారం
మా పట్టిక చూసి సారు మండిపడ్డారట. మా మీద కాదు, హిందీ టీచర్ల మీద. వేసవి సెలవులు రద్దు. రోజూ ఎనిమిదింటికి ప్రత్యేక తరగతులు. రాకపోతే సంజాయిషీ ఇవ్వాలి. నా పట్టిక చూసి ఒక మండలం కదిలింది! అద్దంలో చూసుకున్నాను. అదే ముఖం.

25 మే, మంగళవారం
మధ్యాహ్నం విజయమ్మ టీచరు వచ్చింది. గుడిలో నా ముందు వరసలో కూర్చుంటుంది, ఆ మండలంలోనే హైస్కూల్లో హిందీ చెబుతుంది. చేతిలో ఆఫీసు మెమో. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీ ఆయన లేడా అమ్మా? బాపట్లలో మా అమ్మాయికి రేపో మాపో పురుడు. నేను పోకూడదంట. పిల్లలంతా హిందీలో పోయారంట!"
నేను మంచినీళ్లు ఇచ్చాను. ఇంకేం ఇవ్వను?
"నువ్వే చెప్పు. నా బడిలో ముప్పై ఎనిమిది మంది రాస్తే ఇరవై తొమ్మిది మంది అన్నిట్లో పాసై ఎనిమిదికి పోతున్నారు. హిందీలో పాసైనవాళ్లు పదకొండు మందంట! మిగతా పద్దెనిమిది మంది హిందీ తప్పి ఎట్టా పాసయ్యారు? ఎవడా లెక్కేసిన మహానుభావుడు?"

మహానుభావుడు చెంబు పట్టుకుని నిలబడే ఉంది.

"టీచరుగారండీ... ముప్పై అయిదు రాకపోతే తప్పినట్టే కదండీ?"
"హిందీకి ఇరవై కదమ్మా! ఆరో తరగతిలో చేరిన మొదటి రోజే ఎవరైనా చెబుతారు."

ఆరో తరగతిలో. నేను అయిదుతో ఆపేశాను. మాకు హిందీ లేదు. ఆయన చెప్పలేదు, ఎందుకంటే అందరికీ తెలిసిందే. నేను అడగలేదు, ఎందుకంటే నేను ఏదీ అడగను.

నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. టీచరు గ్లాసు ఇచ్చి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. తర్వాత, "రేపు నేనే తప్పు చేశానని చెప్పేస్తా. నీ పేరెందుకు?" అన్నారు. నేను "ఊ" అన్నాను. ఇంత పెద్ద తప్పుకు ఒక్క అక్షరం జవాబు.

26 మే, బుధవారం
ఆయన చెప్పారట. "పదేళ్ల సర్వీసు, హిందీకి ఎంతో తెలియదా నీకు! రేపు సాయంత్రానికి లంక ఆర్డరు టైపవుతుంది" అని సారు కేకలేశారట. ఆయన అన్నం తినలేదు. నేను తిన్నాను. సిగ్గు లేకపోతే ఆకలి బాగా వేస్తుంది.

27 మే, గురువారం
కావాలనే ఆయనకు కారియర్ కట్టలేదు. ఆయన వెళ్లాక కట్టి, దాన్ని పట్టుకుని తర్వాతి బస్సెక్కాను. ఎవరైనా అడిగితే భోజనం తెచ్చానని చెప్పొచ్చు. దారిలో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. కిటికీ పక్కన ముసలమ్మ నా కొంగు మీద కూర్చుంది కాబట్టి ఆగాను.

ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను. ఈయన నన్ను చూసి లేచారు. లోపలి నుంచి పూర్ణచంద్రరావుగారు, "ఎవరమ్మా?" అన్నారు.
"భోజనమండి."
"నాకా?"
"కాదండి. ఆయనకండి. ఆ పట్టిక నేనండి."
"పట్టిక నువ్వేంటమ్మా?"
"నేనేశానండి. ఆయన వెయ్యలేదండి. హిందీకి ఇరవై అని నాకు తెలియదండి."
"ఎంతవరకు చదువుకున్నావు?"
"అయిదండి."

సారు ఈయన వైపు చూశారు. ఈయన నేల వైపు. నేను కారియర్ వైపు.

"అయితే అధికారినై ఉండి సంతకం పెట్టేముందు చూడని నేనెంతవరకు చదివినట్టు?" అన్నారు సారు. నవ్వుతున్నారో తిడుతున్నారో తెలియలేదు. పట్టిక తీశారు. "ప్రతి స్కూలుకూ శ్రద్ధ, శ్రద్ధ. ఇదిగో, ఈ కాలవ కింద స్కూలు. తెలుగు బానే ఉంది, లెక్కల్లో సగం మంది పోయారు. శ్రద్ధ లెక్కలప్పుడే ఎటు పోయిందమ్మా?"

ఆలోచించి ఉంటే నోరు పెగిలేది కాదు. "మినుము పీకను పోతారండి" అనేశాను. "ఈస్టరుకు ముందు నెలంతా పిల్లలు చేలల్లోనే ఉంటారండి. లెక్కల్లో చివరి పాఠాలు అప్పుడే చెబుతారండి. తెలుగైతే ఇంటికాడ చదూకోవచ్చు. లెక్క ఎవరైనా చెప్తేనే కదండీ వచ్చేది."
"నీకెట్టా తెలుసు?"
"నేనూ పీకానండి."

సారు కలం తీసి 'శ్రద్ధ' కొట్టేశారు. ఆ పైన ఏదో రాసుకున్నారు.

"హిందీ మెమో ఇవాళే రద్దు చేస్తాను. గుంటూరుకు సవరణ పంపాలి. అయిదో తారీకులోగా కొత్త పట్టిక ఇవ్వు. ఈసారి ఒక్కో స్కూలుకూ నీకు తెలిసిన కారణం రాయి. తెలియకపోతే తెలియదని రాయి. అప్పటిదాకా రాజారత్నం ఆర్డరు నా సొరుగులో ఉంటుంది. చించడమా, పంపడమా, చూద్దాం."

వచ్చేటప్పుడు కారియర్ ఆయనకు ఇవ్వడం మర్చిపోయి తిరిగి తెచ్చేశాను. పాపం, ఆయన ఇవాళ కూడా తినలేదు.

సాయంత్రం విజయమ్మగారి ఇంటికి వెళ్లి ఆ మహానుభావుడు నేనేనని చెప్పాను. బాపట్ల బస్సుకు సంచీ సర్దుకుంటోంది. "నీ తల్లి కడుపు చల్లగుండ! వచ్చాక నీకు హిందీ చెప్పి ఇరవై తెప్పించకపోతే చూడు" అంది. తిట్టిందో దీవించిందో.

28 మే, శుక్రవారం. ఉదయం
మళ్లీ మొదలు. కొత్త కాగితాలు. ఎనిమిది రోజులు, పద్దెనిమిది స్కూళ్లు. రోజుకు రెండుంబావు. పావు స్కూలు ఎట్టా చెయ్యాలో ఇంకా తెలియదు.

ఆయన చెప్పులు వేసుకుంటుంటే అడిగాను.
"సోషల్‌కు ఎంతండి?"
"ముప్పై అయిదే."
"ఇంగ్లీషుకు?"
"అదీ అంతే."
"సైన్సు?"
"దేవకుమారీ, పాసింజరు పోతుంది!"
"లెక్కలు చెప్పి వెళ్లండి."

చెప్పి వెళ్లారు. పరుగెత్తారు.

ముందు విజయమ్మగారి స్కూలు తీశాను. ఎర్ర సున్నాలు చెరగవు, అందుకని పక్కన నీలం పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఇరవై రెండు, పాసు. ముప్పై ఒకటి, పాసు. ఇరవై, సరిగ్గా ఇరవై, బతికాడు. పంతొమ్మిది. రెండుసార్లు చూశాను, పంతొమ్మిదే. ఆ అమ్మాయి పేరు అంకమ్మ. కారణం తెలియదని రాశాను.

నేను సున్నా చుట్టిన ఇరవై ఏడు మందిలో ఇరవై మూడు మంది పాసయ్యారు. ఇంకా టిఫిన్ కూడా చెయ్యలేదు.