కారవాన్‌లో రెండు బకెట్ల నీళ్ళు

అన్నయ్యకీ, సరోజిని వదినకీ పార్వతి చేతులెత్తి పెట్టే నమస్కారాలు. అమ్మ కాళ్ళకి నా బదులు ఒకసారి దణ్ణం పెట్టి, పెట్టానని ఆవిడకి చెప్పు, లేకపోతే నమ్మదు. గౌరికి ముద్దులు. మేం ముగ్గురం కులాసాగా ఉన్నాం. సిరికి వచ్చిన జలుబు కూడా తగ్గిపోయింది. అమ్మ మోకాలు ఎలా ఉంది? ఇంకా చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకి వెళ్తూనే ఉందా, నీ మాట విని మానిందా? మానలేదని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అంటావు. ఫోన్లో చెప్తే నువ్వు వల బాగుచేసుకుంటూ "ఊ, ఊ" అంటావు. నేను సగంలో ఉండగా ఎవరో పిలిచారని లేచిపోతావు. కాగితమైతే వదిన గట్టిగా చదువుతుంది, నువ్వు కూర్చుని వినక తప్పదు, పక్కన గౌరి కూడా వింటుంది. అది వినడం నాకు కావాలి. మీ బావతో పాటు పడవల యార్డులో వెల్డింగ్ చేసే గజపతినగరం ఆయన సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు పెద్ద కబురు. మేం ఇల్లు కొన్నాం! అమ్మకి గుండె దడ రానివ్వకు, ఇది చక్రాల ఇల్లు. దీన్ని కారవాన్ అంటారు. కారు వెనకాల తగిలించుకుని ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, నాలుగు కిటికీలు. ఇలాంటివి పెట్టుకోడానికి సముద్రం పక్కన ఒక పెద్ద ఖాళీ స్థలముంది, వారం వారం అద్దె కట్టి అందులో ఉండొచ్చు. కొత్తది మన వల్ల కాదు. ఇది మనకంటే ముందు ఇరవై ఏళ్ళు ఎవరో వాడుకున్నది.

ఎందుకు కొన్నామంటే, ఆస్ట్రేలియా వచ్చిన దగ్గర్నుంచి మేం ఒకాయన ఇంటి వెనక గదిలో ఉంటున్నాం కదా, ఆయన కూతురు తిరిగొస్తోందని నెలలో ఖాళీ చెయ్యమన్నాడు. మంచాయనే, తప్పు పట్టను. కానీ ఇది చిన్న రేవు ఊరు. ఒక్క ఇల్లు ఖాళీ అయితే ఇరవైమంది గుమ్మంలో నిలబడతారు. దొరక్కపోతే రెండు గంటల దూరంలో ఉన్న పట్నానికి పోవాలి. మీ బావ వీసా ఈ యార్డు మీదే ఉంది, ఆయన రాలేడు. నేనూ సిరీ అక్కడ, ఆయన ఇక్కడ. అదొకటి. అసలు దిగులు సిరి గురించి. ఈ బడిలో చేరాక నాలుగు నెలలు అది నోరే తెరవలేదన్నయ్యా. పిలిస్తే తల వంచుకునేది. ఇప్పుడిప్పుడే ఒక స్నేహితురాలు దొరికింది, ఇద్దరూ కలిసి పెద్దగా నవ్వుకుంటారు, ఆ నవ్వు వినడానికే నేను పది నిమిషాలు ముందెళ్ళి బడి గేటు దగ్గర నిలబడతాను. మళ్ళీ బడి మారిస్తే ఆ నోరు మళ్ళీ మూసుకుపోతుందని నా భయం. ఈ ఊళ్ళోనే ఉండాలని నేను పట్టు పట్టాను. నా పట్టు నీకు తెలుసు.

మొదట చూసిన కారవాన్ పెళ్ళికూతురిలా ఉంది. తెల్లటి కొత్త రంగు, గోడలకి పువ్వుల కాగితం, తలుపు తీస్తే గుప్పున నిమ్మకాయ వాసన. అమ్మేవాడు మాటకారి. మేం అడక్కుండానే అన్నీ చూపించాడు, కుళాయి తిప్పాడు, పొయ్యి వెలిగించాడు, మంచం మీద కూర్చుని ఎగిరి కూడా చూపించాడు. మీ బావ ఒక చుట్టు తిరిగి నా చెవిలో అన్నాడు: "బాగున్నాదే. ఇంకేటి సూడాల? కొనేద్దుము."

"కిందకెళ్ళి ఇనుము సూడు," అన్నాను.

ఆయన వీపు మీద పడుకుని అడుగున చూసొచ్చాడు. "ఇనుము గట్టిగున్నాది. టైర్లు మార్సాల, అంతే."

ఇనుము ఆయన విద్య. పడవైనా బండైనా, దాని పై ఒళ్ళు నా విద్య. పైనంతా ఫైబర్ రేకు, దాని లోపల చెక్క. చూడగానే నా చెయ్యి దానంతటదే లేచింది. వేలి మెటికతో టక్ టక్ మని కొట్టుకుంటూ వచ్చాను, చెవి ఆనించి. వెనక గోడ గట్టిగా పలికింది. పక్క గోడ పలికింది. ముందు కిటికీ కిందకి వచ్చేసరికి డుబ్బుమంది. అన్నయ్యా, ఆ చప్పుడు నీకు చెప్పక్కర్లేదు. నీళ్ళు తాగిన చెక్క ఎక్కడైనా ఒక్కలాగే మూలుగుతుంది. పువ్వుల కాగితం మీద బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి పోయింది, నానబెట్టిన అటుకుల్లోకి పోయినట్టు. నిమ్మకాయ వాసన ఎందుకో అప్పుడు అర్థమైంది.

తిరిగొస్తుంటే మీ బావ మొహం మాడ్చుకున్నాడు. "రోజులు పది కూడా లేవు. నువ్వేమో డాక్టరులాగ అన్నిటికీ చెవి పెడతన్నావు."

"కురిసే ఇంట్లో పిల్లని పడుకోబెడతావా?" అన్నాను. నేను పైకి ధీమాగానే ఉన్నాను గానీ లోపల నాకూ బెదురుగానే ఉంది.

నాన్న కొన్న నీలం పడవ గుర్తుందా? నీకు గుర్తుండకేం. అప్పుడు నాకు పదకొండేళ్ళు. భావనపాడు ఒడ్డున ఇసకలో దాన్ని పెట్టి, పెద్దవాళ్ళంతా చుట్టూ నిలబడి బేరమాడుతుంటే నేను వెనక్కెళ్ళి నాన్న కొట్టినట్టే మెటికతో కొట్టాను. అడుగు దగ్గర డుబ్బుమంది. "నాన్నా, ఇక్కడ బాలేదు," అన్నాను. నాన్న వినేలోపు నువ్వు నా చెయ్యి మీద ఒక్కటిచ్చావు. "ఆడపిల్ల పడవ మీద సెయ్యేస్తాదేటి? పో, ఇంటికి పో!" అన్నావు. అందరూ నవ్వారు. మూడో నెలలో సరిగ్గా అక్కడే పగిలింది. పక్క పడవ వాళ్ళు చూడబట్టి నాన్నని ఎక్కించుకొచ్చారు. ఒళ్ళంతా వణుకుతూ నాన్న ఒడ్డుకి వచ్చిన రోజు ఊరంతా ఏవేవో అన్నారు గానీ, పార్వతి ముందే చెప్పిందని ఒక్కరూ అనలేదు. నువ్వు కూడా అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

సరే, రెండో కారవాన్ సంగతి విను. నేను పనిచేసే చేపల షెడ్డులో ఒకామె చెప్పింది, మేరీ అనే ముసలమ్మ దగ్గర ఒకటుందని. (షెడ్డులో పని బాగానే ఉంది. చేతులు గడ్డకట్టుకుపోతాయి, అంతే. వీళ్ళు చేప తలకాయలు పారేస్తారన్నయ్యా! నేను అడిగి ఇంటికి తెచ్చుకుంటాను. పులుసు వాసనకి వెనక గది ఓనరు కుక్క మా గుమ్మం వదలదు.) ఆ కారవాన్ చూస్తే ఏడుపొచ్చింది. వడగళ్ళు పడి పైకప్పంతా సొట్టలు. రంగు వెలిసిపోయింది. లోపల నిమ్మకాయ వాసన లేదు, పాత దుప్పట్ల వాసన. ముసలమ్మ మాత్రం ఏదీ దాచలేదు. ఫ్రిజ్ పనిచెయ్యదని తనే చెప్పింది. తనూ, పోయిన ఆయనా ఇందులో దేశమంతా తిరిగారట. కాగితాలు తెచ్చి ఇచ్చింది. మీ బావ ఇనుము మీద నంబరూ కాగితం మీద నంబరూ పక్కపక్కన పెట్టి చూశాడు, ఒకటే. చుట్టూ కొట్టాను. అన్ని గోడలూ పలికాయి. కిటికీల అంచులన్నీ నొక్కాను, గట్టిగా ఉన్నాయి. పైప్ పట్టి పైకప్పు మీద అరగంట నీళ్ళు పోయించాను, లోపల సిరి పుస్తకం చదువుకుంటూ కూర్చుంది. ఒక్క చుక్క పడలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మనవాళ్ళు పడవ కొనేముందు ఆఖరున ఏం చేస్తారు? దిమ్మల మీదకెత్తి లోపల నీళ్ళు పోసి, ఎక్కడ చెమ్మ దిగుతుందో చూస్తారు. అది చెయ్యనిదే నాకు పరీక్ష పూర్తయినట్టు అనిపించలేదు. మేరీ అమ్మ టీ పెట్టడానికి ఇంట్లోకి వెళ్ళింది. నేను రెండు బకెట్లు నింపి తెచ్చి, కారవాన్ లోపల నేల మీద కుమ్మరించేశాను.

మీ బావ తలుపులోంచి చూసి కేకేశాడు: "ఒసే! అది పడవ కాదే, ఇల్లే! ఇంట్లో ఎవులైనా నీళ్ళు పోస్తారేటే!"

అప్పుడు నాకు తెలివొచ్చింది. పడవకి నీళ్ళు కింద నుంచి వస్తాయి. దీనికి వచ్చేది పైనుంచి. నేల మీద పోసి ఏం చూద్దామని? చేతిలో ఖాళీ బకెట్టుతో నిలబడిపోయాను. అదే సమయానికి మేరీ అమ్మ టీ కప్పులతో వచ్చింది. ఆవిడ మొహం చూడాలి నువ్వు. సిరి కాళ్ళు పైకి పెట్టుకుని నవ్వుతోంది. నేను "సారీ, సారీ" అంటూ కొంగుతో తుడవబోయి, కొంగు లేదని, ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి ఇంకా సిగ్గుపడ్డాను.

తుడుద్దామని వంగితే నీళ్ళు లేవు. అంతా మంచం కిందకి, ఒక మూలకి పోయాయి. "ఏటయ్యా, కింద కారుతన్నాదా?" అని అడిగాను. మీ బావ కిందకి దూరి చూశాడు. "సుక్క లేదు," అన్నాడు. రెండు బకెట్ల నీళ్ళు కిందకి కారకపోతే ఎక్కడికి పోయినట్టు? మంచం బల్ల లేపి, నేల మీద పరిచిన షీటు చించి చూస్తే, నల్లగా కుళ్ళి, స్పాంజిలా నీళ్ళన్నీ తాగేసిన చెక్క. రెండు జానల మేర. పక్కనున్న తొట్టి గొట్టం ఎన్నేళ్ళుగానో చుక్కచుక్కగా కారి ఆ మూలని తినేసింది. గోడలన్నీ కొట్టాను గానీ మంచం కిందకి మాత్రం నేనూ చూడలేదు. నా తెలివితక్కువ పనే దాన్ని పట్టించింది.

మేరీ అమ్మ ఆ మూల చూసి మెట్టు మీద కూలబడింది. ఆవిడకి నిజంగానే తెలియదు. "చిన్నపిల్ల ఉన్న మీకు ఇది అమ్మను," అంది. ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపింది. మంచి మనిషిని వెతికి పట్టుకుంటే ఆ మంచితనమే అడ్డొచ్చింది! నేను ఆవిడ పక్కన కూర్చుని, వచ్చిన ఇంగ్లీషంతా పోగేసి చెప్పాను. మాది పడవల ఊరు. ఒక్క చోట కుళ్ళిందని మేం పడవ పారెయ్యం. రంగు కింద కుళ్ళు దాస్తే పారేస్తాం. ఇది దాచిన కుళ్ళు కాదు. చుట్టూ ఎంతవరకు గట్టిగా ఉందో చూపిస్తానని ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆవిడ మెటికతోనే నేల కొట్టించాను. మెత్తగా పలికే చోటు, గట్టిగా పలికే చోటు, ఆవిడకే తేడా తెలిసిపోయింది. ఇంకోసారి తనే కొట్టి చూసుకుంది. "ఇరవై ఏళ్ళు ఇందులో పడుకున్నాను, దీని గొంతు వినడం ఇదే మొదటిసారి," అంది.

ధర తనే తగ్గించింది, నేను అడగలేదు. బాగుచేసుకునేదాకా తన పెరట్లోనే పెట్టుకోమంది. మీ బావ గొట్టం మార్చాడు. నువ్వు చేసే పద్ధతిలోనే, కుళ్ళినదానికంటే జానెడు ఎక్కువ కోసేసి, గట్టి చెక్క తగిలేదాకా వెళ్ళి, కొత్త పలక బిగించి ఫైబర్ పూత వేశాం. ఆరాక కొట్టి చూశాను. టక్కుమంది. గడువుకి రెండు రోజుల ముందే యార్డు లారీ మా ఇంటిని లాక్కొచ్చి సముద్రం పక్కన పెట్టింది. కొబ్బరికాయ కొట్టాను. గాలికి ఇల్లు కాస్త ఊగుతుంది. మొదటిరోజు మీ బావకి నిద్ర పట్టలేదు, నాకు మాత్రం పడవలో పడుకున్నట్టు హాయిగా పట్టేసింది. సిరి బడి మారలేదు. నిన్న దాని స్నేహితురాలు మా ఇంటికొచ్చి చేపల పులుసు తిని, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా మళ్ళీ వేయించుకుంది.

గజపతినగరం ఆయన తిరిగొచ్చేటప్పుడు పొందూరు ఖద్దరు పంపించు, నాలుగు చిన్న కిటికీలకి తెరలు కుట్టుకుంటాను. తెల్లదే కావాలి. ఎండు చేపలు పంపొద్దని అమ్మకి గట్టిగా చెప్పు. విమానాశ్రయంలో తీసి పారేస్తారు, పాపం ఆయన్ని ఇబ్బంది పెడతారు. మా గురించి బెంగ వద్దు. తింటున్నాం, పని ఉంది, ఇల్లుంది. ఒక్కోసారి షెడ్డులో మన మాట మాట్లాడేవాళ్ళు లేక నోరు ఊరికే ఉండిపోతుంది, అంతే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

ఇక అసలు మాట. వచ్చే నెల పక్కూళ్ళో పాత ఫైబర్ పడవ చూడ్డానికి వెళ్తున్నావని వదిన చెప్పింది. కొత్త రంగు వేసి ఉందటగా. అన్నయ్యా, గౌరిని తీసుకెళ్ళు. దానికీ పదకొండేళ్ళు నిండాయి. నువ్వు పడవలు బాగుచేస్తుంటే అది పక్కనే కూర్చుంటుందని అమ్మ అంటుంది. దాని చెవులు నీ చెవులకంటే కొత్తవి. ఆ రోజు నువ్వు కొట్టిన చెయ్యే ఈ రోజు మాకు ఇల్లు చూసిపెట్టింది. అంతకంటే నిన్నేమీ అనను.

గౌరీ, వింటున్నావు కదా. మెటికతో కొట్టు. అడుగు దాకా వెళ్ళు, చెవి ఆనించు. బాలేదనిపిస్తే అందరి ముందూ గట్టిగా చెప్పు. మీ నాన్న నీ చెయ్యి లాగేస్తే ఈ కాగితం చూపించు.

పెద్దలందరికీ పేరు పేరునా మా దణ్ణాలు, వాళ్ళ దీవెనలు మా చక్రాల ఇంటి మీద ఉండాలి.

నీ చెల్లెలు,
పార్వతి