ప్రసన్న వదిలి వెళ్ళిన ఉత్తరీయం

రామచంద్రపురం

కార్మెల్ మాత బిడ్డా, నా బిడ్డకు కాబోయే తల్లీ అయిన ప్రసన్నకు,

లూథరన్ సంఘ సభ్యుడు, బి.టెక్. పట్టభద్రుడు, ప్రస్తుతం తన గుడ్డు తానే ఉడకబెట్టుకుంటున్న ఫిన్నీ చేతులు కట్టుకుని రాయునది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నా నోరు ఆగదు. కాగితం మీదయితే కొట్టేయొచ్చు.

నువ్వు పురిటికి నిడదవోలు వెళ్ళాక బీరువాలో నీ చీరల కింద రుమాలు మూట కనిపించింది. విప్పితే నీ ఉత్తరీయం. గోధుమరంగు ఉన్ని ముక్కలు రెండు, వాటిని కలుపుతూ తాడు. ఒకటి గుండె మీదకి, ఒకటి వీపు మీదకి. దాని మీది కార్మెల్ మరియమాత బొమ్మ నీ చెమటకి చెరిగిపోయింది. చిన్నప్పుడు గుళ్ళో మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకున్న నాడు ఫాదర్ గారు వేసినప్పటి నుంచి, పాతది చిరిగితే కొత్తది మార్చుకోవడమే తప్ప మెడ ఖాళీగా ఉంచలేదని పెళ్ళికి ముందే చెప్పావు. మర్చిపోయావేమోనని ఫోన్ చేస్తే "ఉండనివ్వండి" అన్నావు. అంతే. గంటసేపు పోట్లాడినా ఇంత భయపడేవాణ్ణి కాదు.

అప్పుడు గుర్తొచ్చింది మనింట్లో జరిగిన ప్రార్థన కూటం. నీ మెడ దగ్గర తాడు చూసి మా మేనత్త దీనమ్మ "ఏంటమ్మాయ్ అది, తాయెత్తా?" అంది. నువ్వు నోరు తెరిచేలోపు నేను లేచి, ప్రసంగం గొంతు పెట్టి, "తాయెత్తు కాదత్తా, ఫాస్టాగ్. ఇది వేసుకుని పోయినవాళ్ళు నరకం టోల్‌గేటు దగ్గర ఆగక్కర్లేదు. ముందొక స్టిక్కరు, వెనకొక స్టిక్కరు" అన్నాను. పాస్టరయ్యగారు కూడా టీ ఒలకబోసుకున్నారు. భలే పేలిందనుకున్నాను.

మొన్న ఆదివారం ఇక్కడి మీ క్యాథలిక్కుల ఆర్.సి.ఎం. గుడికి వెళ్ళాను. కూటంలో అంతా నీ ఉత్తరీయం చూసి నవ్వారని చెప్పి, "మానేసిన మనిషి మళ్ళీ వేసుకోవాలంటే ఏం చెయ్యాలండీ?" అని ఫాదర్ గారిని అడిగాను.

"ఏం చెయ్యక్కర్లేదు బాబూ, వేసుకోవడమే. మంత్రించి కట్టేది కాదది. నేను ఆ తల్లి మనిషిని అని రోజూ ఒప్పుకోవడం. ఊరికి చాటేది కాదు కనకే బట్టల లోపల వేసుకుంటారు. మరి మీ ఆవిడది అంతమంది ఎలా చూశారు?" అన్నారు.

అందరికీ మొదట కనిపించింది తాడే, ప్రసన్నా. స్టిక్కరు చూపించడానికి దాన్ని నీ మెడ దగ్గర్నుంచి వేలితో పైకి లాగింది నేను.

నెలాఖరుకి వస్తాను. దాన్ని తెస్తాను. నా మీద కోపముంటే నన్నే తిట్టు. కాన్పు ముందు ఆ మాతకి దూరం కాకు.

నోరు కట్టేసుకున్న,
నీ ఫిన్నీ

*

నిడదవోలు

ఏవండీ,

ఈ మాటలు అమ్మ వినేలా ఫోన్‌లో చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

మీరు లాగినందుకు బాధ లేదనను. ఉంది. కానీ ఆ రోజు అందరికంటే ముందు నవ్వింది నేనండి. మీరు జనం వైపు చూస్తున్నారు, గమనించి ఉండరు. మీ వాళ్ళలో ఒకదాన్నైపోవాలని, అమ్మ దగ్గరుండి వేయించినదాన్ని చూసి నేనే నవ్వాను. మర్నాడు స్నానం చేసి వేసుకోబోతే చెయ్యి రాలేదు.

ఇక్కడికొచ్చాక అమ్మ వీపుకి నూనె రాస్తానన్న ప్రతిసారీ వద్దంటూ వచ్చాను. నిన్న వినలేదు. ఉత్తరీయం లేని వీపు చూసి, చెయ్యి ఆపింది.

"చిరిగిపోయిందా?" అంది.

ఊఁ అన్నాను. అబద్ధమని కనిపెట్టేసింది. తన మెళ్ళో ఉత్తరీయం తీసి, ఆ నూనె చేత్తోనే నా మెళ్ళో వేసింది.

"మరి నీకో?" అన్నాను.

"నాకేంటే, ఎప్పుడో తెప్పించుకుంటాను. కాన్పుకెళ్ళేది నువ్వు."

అమ్మ గుండెకి స్టెంట్ వేసి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. ఆపరేషన్ గదిలోకి వెళ్తూ కూడా దాన్ని తియ్యనన్న మనిషి. ఇవాళ ఆవిడ మెడ బోసిగా ఉంది. నాకు అటు చూడాలంటే భయంగా ఉంది.

నెలాఖరు దాకా ఆగకండి. ఇది అందిన రోజే బయల్దేరండి. నాది పట్టుకురండి. అమ్మకి నా చేత్తో వేస్తాను. అది చిరగలేదని అప్పుడు చెబుతాను. మీరు పక్కన నిలబడితే చాలు. జోకు మాత్రం వెయ్యకండి. మీరు వేస్తే నేను నవ్వేస్తాను.

మీ
ప్రసన్న