రోకటి పోటు లేని పాట

శ్రావణ శుక్రవారం, రాత్రి

నా పేరు వీరాయమ్మ. డెబ్బై దాటాయి. కొవ్వూరులో మా ఆయన, కొడుకు, కోడలు, మనవలతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. నాకు అక్షరం రాదు కాబట్టి మనవరాలు పద్మ రాస్తోంది. నా మాట మెత్తబరిచిందో, ఊరుకోను.

మనవడు సత్తిబాబుది మెటల్ బ్యాండు. గిటార్లతో, కేకలతో ఇంటి పెంకులు కదిలిపోయేలా వాయిస్తారు. పెళ్ళి పసుపు దంచేటప్పుడు పడే నా రోకటి పోటును, దానితో వచ్చే నా ‘హుం’ను మొదటి క్యాసెట్టులో పెట్టారు. ఆ కేకల మధ్య నాకు అర్థమైంది అదొక్కటే.

ఇవాళ కొత్త ఆల్బమ్ వినిపించాడు. అంతా బెల్లంపాకం.

“నా పోటేదిరా?”

“తీసేశాం మామ్మా. కీబోర్డు పెట్టాం. పాత పాటలకి జనం లేచి వెళ్ళిపోతున్నారు.”

“రోట్లో తల పెట్టి రోకటి పోటుకి భయపడితే ఎలారా?”

“చెవులు చిల్లులు పడుతున్నాయని తిట్టింది నువ్వేగా!”

తిట్టాను. నేను తిట్టినకొద్దీ వాడు ఇంకా గట్టిగా వాయించేవాడు. నాకు కావలసిందీ అదే. ఆ సంగతి వాడికి తెలుసనుకున్నాను.

“ఇంతకీ ఎలా ఉంది మామ్మా?” అన్నాడు.

తిడదామని నోరు తెరిచాను. ఆ పాటలో తిట్టడానికి ఏమీ దొరకలేదు.

“బాగుందిరా” అన్నాను.

వాడి మొహంలో నవ్వు పోయింది. టేపురికార్డరు ఆపేసి, అన్నం తినకుండా పడుకున్నాడు.

వీరాయమ్మ వేలిముద్ర.
సాక్షులు: రాసిన పద్మ, పక్కనే కూర్చుని విన్న మా ఆయన సూర్యారావు.